మూడో వారంలో ఎవరు వస్తారు? సంఘంలో ఒకరికొకరు ఊతగా నిలవడానికి మార్గదర్శి

ఎవరింట్లోనైనా చావు జరిగిందంటే మన క్రైస్తవ సంఘాలు ఊరుకోవు. రాత్రంతా పాటలు పాడతాం, కుర్చీలు, షామియానా మనమే మోసుకెళ్తాం, ఆదరణ కూడిక అయ్యేదాకా ఆ ఇంటివాళ్ళకు అన్నం మన ఇళ్ళ నుంచే వెళ్తుంది. శ్రీకాకుళం జిల్లాలో ఏ పేటలో చూసినా ఇంతే. లోటు అక్కడ లేదు. కూడిక అయిపోయి, చుట్టాలందరూ బస్సెక్కాక, మూడో వారంలో ఆ తలుపు తట్టేవాళ్ళు ఉండరు. అప్పటికి మనకు పనులుంటాయి, వాళ్ళకు దుఃఖం అప్పుడే మొదలవుతుంది.

ఈ మార్గదర్శి ఆ మూడో వారం కోసం. మిషన్ కాలం నాటి పెద్ద గుడి అయినా, రేకుల షెడ్డులో పాతికమంది కూడుకునే చిన్న సంఘమైనా చేయగలిగిన పనులే ఇందులో ఉన్నాయి. డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, నలుగురు మనుషులు, మాట దాచుకునే అలవాటు ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు: ఇది పాస్టరు గారి ఒక్కరి పని కాదు

"అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు కదా, ఇంకేం కావాలి?" అనే మాట ముందు మానుకోవాలి. హెబ్రీయులకు రాసిన పత్రిక 10వ అధ్యాయం 24, 25 వచనాలు కాపరితో చెప్పినవి కావు, సంఘంతో చెప్పినవి. ప్రేమ చూపడానికి, మంచి పనులు చేయడానికి ఒకరినొకరు పురికొల్పుకోవాలని, కూడుకోవడం మానకూడదని అక్కడ ఉంది. ఆదివారం ఉదయం రెండు గంటలు ఒకే చోట కూర్చుని, ఒకరి వీపు ఒకరు చూసుకుని ఇంటికి పోతే కూడుకున్నట్టే గానీ పురికొల్పుకున్నట్టు కాదు.

మన ప్రాంత చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. తర్వాతి కాలంలో కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం, టెక్కలి వైపు పనిచేశారు. ఒక్కో మిషన్ బంగళా కింద ఎన్నో ఊళ్ళుండేవి. దొరగారు గుర్రబ్బండి మీద ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేవారు. రోజూ గడప గడపకూ తిరిగి, జబ్బు మనిషి పక్కన కూర్చుని, కొత్తగా నమ్మినవాళ్ళకు పాటలు నేర్పింది బైబిలు స్త్రీలూ ఊళ్ళలో ఉండే బోధకులూ. ఇప్పుడు కావలసింది ఆ పాత పద్ధతే, కాకపోతే ఇంటింటికీ పంచుకుని చేయాలి.

1. ఎవరు రాలేదో చూడండి

ప్రతి ఆదివారం ఇద్దరు, ఒక మగ, ఒక ఆడ, ఆరాధన అయ్యాక పది నిమిషాలు కూర్చుని ఈవేళ ఎవరు కనిపించలేదో రాసుకోవాలి. ఇది హాజరు పట్టీ కాదు. "మూడు వారాలుగా రావట్లేదు, ఏటి సంగతి?" అని నిలదీయడానికి అసలే కాదు.

రానివాళ్ళ కంటే వచ్చీ రానట్టు ఉండేవాళ్ళను గమనించడం ఎక్కువ కష్టం. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి తలుపు దగ్గరకు జరగడం, ఆశీర్వాదం కాకముందే చెప్పులేసుకోవడం, ప్రభు భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం మాత్రం రాకపోవడం, సాక్ష్యానికి లేచేవాళ్ళు ఉన్నట్టుండి మౌనంగా ఉండిపోవడం. వీటికి కారణం భక్తి తగ్గడమే అని పెద్దలు తేల్చేస్తుంటారు. చాలాసార్లు కారణం సిగ్గు. కానుక పళ్ళెంలో వేయడానికి చేతిలో ఏమీ లేకపోవడం, మగపెళ్ళివారు సంబంధం వదులుకున్న సంగతి అందరికీ తెలిసిపోవడం. అన్నిటికంటే సామాన్యమైనది అప్పు: తీసుకున్న మనిషి, ఇచ్చిన మనిషి ఒకే గుడిలో ఎదురెదురుగా కూర్చోవాలి. అలాంటివాళ్ళకు ఆదివారమే వారంలోకెల్లా టెన్షన్ పెట్టే రోజు.

2. ఇళ్ళను చిన్న గుంపులుగా పంచుకోండి

నాలుగైదు ఇళ్ళకు ఒక గుంపు. అంతకంటే పెద్దదైతే ఎవరో ఒకరు చూసుకుంటారులే అని ఎవరూ చూడరు. గుంపుకు పెద్ద అంటూ ఉండక్కర్లేదు, పలకరించే బాధ్యత ఒక్కో నెల ఒక్కో ఇంటిది.

పంచేటప్పుడు బంధుత్వాల ప్రకారం పంచకండి. చుట్టాలు ఎలాగూ వస్తారు. మీ సంఘంలో రెండు పేటలవాళ్ళు, రెండు కులాలవాళ్ళు ఉంటే గుంపుల్లో కావాలనే కలపండి. మన సంఘాల్లో పరామర్శ కూడా కులం దారిలోనే నడుస్తుందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో యెరూషలేము సంఘానికి వచ్చిన మొదటి లోపలి గొడవ ఇదే. రోజూ పంచే ఆహారంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్ళను చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు దాన్ని కప్పిపుచ్చలేదు. పేరున్న ఏడుగురిని ఏర్పాటు చేసి ఆ పని అప్పగించారు. ప్రసంగంతో తీరని సమస్య ఏర్పాటుతో తీరింది.

వేళ కూడా ఊరిని బట్టే పెట్టుకోవాలి. ఉడుపులు, కోతల కాలంలో కూలికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళ దగ్గరకు రాత్రి ఎనిమిదికి వెళ్ళి గంటసేపు పాటలు పాడితే అది ఆదరణ కాదు, ఓవర్‌టైమ్. తీరప్రాంతంలో వేటకు వెళ్ళేవాళ్ళు వేకువకు ముందే లేవాలి. ఒంటరిగా ఉండే ఆడమనిషి ఇంటికి ఆడవాళ్ళే, ఇద్దరిద్దరుగా వెళ్ళాలి.

3. మందు ఇచ్చే ముందు జబ్బు తెలుసుకోండి

పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో 5వ అధ్యాయం 14వ వచనం మూడు రకాల మనుషులను వేరుచేస్తుంది. అక్రమంగా నడుచుకునేవారికి బుద్ధి చెప్పాలి. ధైర్యం చెడినవారికి ధైర్యం చెప్పాలి. బలహీనులకు ఊత ఇవ్వాలి. అందరి విషయంలోనూ ఓపిక పట్టాలి. మన సంఘాల్లో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ మూడింటినీ తారుమారు చేయడం వల్ల వచ్చేవే.

డిగ్రీ అయి నాలుగేళ్ళుగా కానిస్టేబుల్, డీఎస్సీ పరీక్షలు రాసి రాసి అలిసిపోయిన కుర్రాడు ధైర్యం చెడినవాడు. అతనికి బుద్ధి చెబుతాం: "ఫోను పక్కన పెట్టి చదువు బావు." కొడుకును పోగొట్టుకున్న ముసలావిడ బలహీనురాలు, పట్టుకునే చేయి కావాలి. ఆమెకు ధైర్యం చెబుతాం: "ఏడవకూడదప్పా, మనకు నిరీక్షణ ఉంది." జీతమంతా తాగేసి ఇంట్లో చేయి చేసుకునేవాడికి బుద్ధి చెప్పాలి. అతని కోసం మాత్రం ఓపిగ్గా ప్రార్థన చేస్తూ, భార్యకు సర్దుకుపొమ్మని చెబుతాం.

కాబట్టి గుంపు నెలకోసారి కూడినప్పుడు ఒక్కో ఇంటి గురించి ముందు ఈ ప్రశ్న వేసుకోండి: వీళ్ళకు ఇప్పుడు కావలసింది ఈ మూడింటిలో ఏది? తెలియకపోతే ఊతే ఇవ్వండి. ఊత ఇచ్చి ఎవరినీ చెడగొట్టలేం.

4. ఇంటికి వెళ్ళడం

మనవాళ్ళు విజిటింగ్ అనే ఈ పనికి ఒక పద్ధతి స్థిరపడిపోయింది. పదిమంది వెళ్తారు, ఒక పాట, ఒక వాక్యం, పొడుగాటి ప్రార్థన, టీ, వెళ్ళొస్తాం. ఆ ఇంటావిడ మొత్తం సమయం వంటింట్లో గ్లాసులు కడుగుతూనే ఉంటుంది. ఆమెతో మాట్లాడినవాళ్ళు ఎవరూ ఉండరు.

ఇద్దరు వెళ్ళండి. టీ వద్దని వాకిట్లోనే చెప్పేయండి. జబ్బు మనిషి దగ్గర ఇరవై నిమిషాలు చాలు. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేలమీద మాటాడకుండా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే చెడింది. ఏలీయా చచ్చిపోతానని చెట్టుకింద పడుకుంటే దూత ముందు ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్ళు పెట్టాడు, నిద్రపోనిచ్చాడు, మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు (1 రాజులు 19). మనం చేసే క్రమం దీనికి సరిగ్గా తలకిందులు.

ఉద్దానంలో ఉన్న సంఘాలకు ఈ సంగతి మరీ ముఖ్యం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైంది కాబట్టి ఇదివరకటిలా ప్రతిదానికీ విశాఖ పరిగెత్తే బాధ కొంత తగ్గింది. అయినా డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు మంచం మీదే. అలాంటి ఇంటికి వెళ్ళేవాళ్ళు కొన్ని సంగతులు తెలుసుకుని వెళ్ళాలి.

మనది కొబ్బరి సీమ. జబ్బు మనిషిని చూడ్డానికి వెళ్తూ రెండు బొండాలు, డజను అరటిపళ్ళు పట్టుకెళ్ళడం మన మర్యాద. డయాలసిస్ మీద ఉన్న మనిషికి ఆ రెండూ ప్రమాదం. కొబ్బరినీళ్ళలో, అరటిపండులో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటకు పంపలేవు, అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. నీళ్ళు కూడా వాళ్ళు కొలిచే తాగాలి కాబట్టి "పర్లేదు, ఒక్క గ్లాసు మజ్జిగ తాగు" అని బలవంతం పెట్టకూడదు. ఆవకాయ, ఎండుచేపల కూర కూడా వద్దు, ఉప్పు. ఏం తేవచ్చో ఇంటివాళ్ళనే అడగండి, డాక్టరు చెప్పింది వాళ్ళకు తెలుస్తుంది.

ఇంకో సంగతి. ప్రార్థన చేసేటప్పుడు రోగి చేయి గట్టిగా పట్టుకోవడం మనకు అలవాటు. డయాలసిస్ కోసం ఒక చేతికి ఫిస్టులా (రక్తనాళాలను కలిపే చిన్న ఆపరేషను) చేసి ఉంటుంది, ముంజేతి మీద నరం ఉబ్బి కనిపిస్తుంది. ఆ చేతిని నొక్కకూడదు, దానిమీద బరువు పడకూడదు. రెండో చేయి పట్టుకోండి. డయాలసిస్ అయిన సాయంత్రం మనిషి పూర్తిగా నీరసపడి ఉంటాడు కాబట్టి మర్నాడు పొద్దున్న వెళ్ళండి. ఉపవాస ప్రార్థనలో పాల్గొనమని కిడ్నీ, షుగరు రోగులను అడగనే వద్దు, వాళ్ళే ఉంటానన్నా డాక్టరును అడగమనండి. "నమ్మకం ఉంటే మందులెందుకు" అనే మాట మీ సంఘంలో ఎవరినోటా రాకుండా పెద్దలు చూసుకోవాలి. ఆ మాట మనుషుల ప్రాణాలు తీస్తుంది.

ఆ ఇంటికి నిజంగా పనికొచ్చే సాయం తోడు వెళ్ళడం. ఫోనులో ఇలా అడగొచ్చు:

"అప్పా, రేపు ఆస్పత్రికి బావతో ఎవరెళ్తన్నారు? నీకు కూలికెళ్ళాలంటే మా పెద్దోడు ఆటోలో తీసుకెళ్తాడు. పిల్లలకి రాత్రి అన్నం మా ఇంట్లోనే, నువ్వు వండకు."

ఇందులో "ఏదైనా అవసరమైతే చెప్పండి" అనే మాట లేదు చూశారా? అవసరంలో ఉన్నవాళ్ళు చెప్పరు. ఏం చేయగలమో మనమే చెప్పాలి, వద్దనే వీలు మాత్రం వాళ్ళకు ఉంచాలి.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. అది అందని ఇల్లు మీ గుంపులో ఉంటే, చదువుకున్న కుర్రాడొకడు కాగితాలన్నీ సరిచేసి సచివాలయానికి తోడు వెళ్ళాలి. అది కూడా ఆత్మీయ పరిచర్యే, వంద ప్రార్థన కూటాలకు తక్కువ కాదు.

5. ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు

"దేవుడు మీ మంచికే చేశాడు", "మీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు ఎందరో", "ఏదో పాపం ఒప్పుకోకుండా ఉండిపోయి ఉంటారు, పరీక్షించుకోండి". ఈ మూడూ దుఃఖంలో ఉన్న మనిషితో అనకండి. మూడోది మరీ పాపం. పుట్టుగుడ్డి విషయంలో ఎవడు పాపం చేశాడని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదు అని యేసుప్రభువు తేల్చేశారు (యోహాను 9). ఉద్దానం జబ్బుకు కారణం ఇదీ అని ఇన్నేళ్ళ పరిశోధనలో శాస్త్రవేత్తలే తేల్చలేదు, మన అరుగు మీద కూర్చుని మనం తేల్చగలమా?

ఏడుపు ఆపించడానికి వెంటనే ఉత్సాహంగా పాట ఎత్తుకోకండి. మనసు విరిగినవాడికి పాటలు వినిపించడం చలిరోజున పైబట్ట లాగేసినట్టని సామెతల గ్రంథం 25వ అధ్యాయంలోనే ఉంది. పాడాలనిపిస్తే ఆ మనిషినే అడగండి: "ఏ పాట పాడమంటావు?" వయసు మళ్ళినవాళ్ళు తరచుగా పాత కీర్తనలే అడుగుతారు. 19వ శతాబ్దంలో మన పొరుగునే పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి కట్టిన కీర్తనల్లాంటివి వాళ్ళకు పుస్తకం అక్కర్లేకుండానే వస్తాయి. కుర్రవాళ్ళకు ఆ రాగాలు తెలియవు. ఒక కీర్తన పెద్దావిడ దగ్గరే నేర్చుకుని, మర్నాటి ఆదివారం ఆరాధనలో పాడితే ఆమె ముఖం చూడండి.

వాక్యం చదవాలంటే చిన్నది చదవండి. 13వ కీర్తనలో ఆరే వచనాలు, ఎన్నాళ్ళు ప్రభువా అనే ప్రశ్నతో మొదలవుతుంది. అలా అడగడం తప్పు కాదని తెలిస్తేనే కొంతమందికి సగం బరువు దిగుతుంది.

సాక్ష్యాల విషయంలో కూడా ఒక మార్పు చేయండి. మన దగ్గర సాక్ష్యమంటే కష్టం తీరిపోయాకే: జబ్బు తగ్గింది, ఉద్యోగం వచ్చింది, స్తోత్రం. తీరనివాళ్ళు వింటూ ఏమనుకుంటారో ఆలోచించండి. నెలలో ఒక ఆదివారమైనా, ఇంకా కష్టంలోనే ఉన్న మనిషికి ఇష్టమైతే "ఇంకా తీరలేదు, ఇలా నెట్టుకొస్తున్నాను" అని చెప్పే వీలు ఇవ్వండి. హల్లెలూయతో ముగించమని బలవంతం చేయకండి.

6. ప్రార్థన మనవి ఊరి కబురు కాకూడదు

"ఫలానా వారి అమ్మాయి కోసం ప్రార్థన చేయండి, కాలేజీలో ఏదో గొడవైందట." మైకులో ఈ ఒక్క మాట చాలు, ఆ అమ్మాయి ఇక గుడి గడప తొక్కదు. ప్రార్థన పేరుతో చెప్పిన కబురు మామూలు కబురు కంటే వేగంగా పోతుంది, ఎందుకంటే చెప్పినవాళ్ళకు తప్పు చేశామన్న భావన కూడా ఉండదు.

నియమం ఒక్కటే: ఎవరి కష్టమో వాళ్ళు "చెప్పండి" అన్నంత మేరకే చెప్పాలి. గుంపులో చెప్పమంటే గుంపులోనే. సంఘమంతటికీ అంటే అప్పుడు మైకు. పేరు వద్దంటే "ఒక కుటుంబం కోసం" అంటే దేవుడికి తెలుస్తుంది.

వాట్సాప్ గ్రూపులో రోగి మంచం మీద ఉన్న ఫొటో, రిపోర్టు కాగితాలు పెట్టకండి. పొద్దున్నే వచ్చే వాగ్దాన వచనం బొమ్మలు ఎంతమందికి ధైర్యం ఇస్తాయో గానీ, పేరు పెట్టి రాసిన ఒక్క వరుస, "పిన్నీ, నిన్న స్కానింగు అన్నావు, ఏమన్నారు?" అనేది ఎక్కువ పనిచేస్తుంది. అది గ్రూపులో కాకుండా విడిగా పంపండి.

7. డబ్బు దగ్గర

చలి కాచుకోండి, కడుపునిండా తినండి అని మాటతో పంపేసి, శరీరానికి కావలసింది ఇవ్వకపోతే ఏం లాభమని యాకోబు తన పత్రికలో అడిగాడు. అందుకని ప్రతి గుంపుకూ చిన్న నిధి ఉండాలి. కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ నడుస్తున్న గుప్పెడు బియ్యం పద్ధతి దీనికి మంచిది. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక గుప్పెడు వేరే డబ్బాలో వేసి, నెలాఖరుకు తెస్తారు. లేనివాళ్ళు కూడా ఇవ్వగలరు. తీసుకునే ఇల్లు వచ్చే నెల ఇచ్చే ఇల్లు అవుతుంది, అందులోనే గౌరవం ఉంది.

గుంపు నిధిలోంచి అప్పులు ఇవ్వకండి. ఇస్తే ఇచ్చేసినట్టే అనుకుని ఇవ్వండి. సంఘంలో అప్పు మొదలైతే ఏమవుతుందో మొదటి మెట్టులోనే చూశాం. లెక్క ఇద్దరు రాయాలి, నెలనెలా చదవాలి, తీసుకున్నవాళ్ళ పేరు మాత్రం చదవకూడదు. కొరింథు సంఘం కానుకను తీసుకెళ్ళేటప్పుడు పౌలు అంతటివాడే ఎవరూ వేలెత్తి చూపకుండా తోడుగా మనుషులను పంపాడు (2 కొరింథీయులకు 8).

8. ఎక్కువకాలం సాగే కష్టాలు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు సాయం ఎక్కడెక్కడి నుంచో వచ్చింది. బియ్యం, దుప్పట్లు, టార్పాలిన్లు. కొన్ని వారాలకు లారీలు ఆగిపోయాయి. పడిపోయిన కొబ్బరిచెట్టు స్థానంలో పెట్టిన దేశవాళీ మొక్క కాపుకు రావడానికి మాత్రం ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళూ ఆ ఇల్లు ఏం తిన్నదో, పిల్లను ఏ కాలేజీలో చేర్చగలిగిందో అడిగినవాళ్ళు తక్కువ.

అదే ఏడాది నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్ళిన మన తీరం మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కారు. 20 మంది 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అంతకాలం ఎదురుచూసిన భార్యలు, తల్లులు ఏ మతంవాళ్ళయినా, వాళ్ళ ఊళ్ళో సంఘం ఉంటే ఆ సంఘం చేయవలసిన పని ఒకటే: రెండో నెలలో, ఆరో నెలలో, పదో నెలలో కూడా వెళ్ళడం.

దీనికి జ్ఞాపకం మీద ఆధారపడకండి. నోటు పుస్తకంలో వెనక పేజీ నుంచి తేదీలు రాయండి. చావు జరిగిన ఇంటికి మూడో వారం, మూడో నెల, మొదటి క్రిస్మస్, ఏడాది తిరిగే రోజు. క్రిస్మస్ నక్షత్రం కట్టే మనిషి ఈ ఏడాది లేని ఇంట్లో మీరు వెళ్ళి కట్టండి. మత్స్యకార గ్రామాల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులకు ముందే ఏ ఇంట్లో స్కూలు ఫీజులున్నాయో, ఏ ఇంట్లో కాన్పు ఉందో చూసుకోండి.

9. దూరాన ఉన్నవాళ్ళు

మన సంఘాల్లో సగం బలం ఇప్పుడు హైదరాబాదులో, చెన్నైలో, బెంగుళూరులో అపార్టుమెంట్లు కడుతోంది. వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఉంటాయి, పండక్కి చందా రాసేటప్పుడే గుర్తొస్తాయి. ఒనేసిఫోరు అనే మనిషి రోమాకు వెళ్ళి, సంకెళ్ళలో ఉన్న పౌలును శ్రద్ధగా వెతికి కనుక్కున్నాడు. మన వైపు నుంచి ఎవరైనా ఆ ఊరు వెళ్తుంటే సైటు అడ్రసు ఇచ్చి, జీడిపప్పో అరిసెలో ఇచ్చి పంపండి. ఇక్కడ ఉన్న ముసలి తల్లిదండ్రుల ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడి నుంచే కొడుక్కి వీడియో కాల్ చేయండి. ఇంటి పైకప్పు కారుతోందో లేదో అతనూ చూసుకుంటాడు, అమ్మ చెప్పదు కదా.

10. బుద్ధి చెప్పవలసి వస్తే

మత్తయి 18వ అధ్యాయం ప్రకారం ముందు ఒక్కరే, ఒంటరిగా ఉన్నప్పుడు. ప్రసంగంలో పేరు చెప్పకుండా అందరికీ అర్థమయ్యేలా అనడం దీనికి వ్యతిరేకం. వెళ్ళేది అతని మేలు కోరేవాడని అతనికే తెలిసిన మనిషై ఉండాలి. తాగుడు అలవాటుగా కాకుండా జబ్బుగా మారి ఉంటే ప్రమాణాలు చేయించకండి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. ఏళ్ళ తరబడి బాగా తాగేవాళ్ళు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

11. మన చేతిలో లేనివి

"బతకాలని లేదు" అని ఎవరైనా అంటే ప్రార్థన చేసి వచ్చేయకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుడుతుందని భయపడక్కర్లేదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయొచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషికి 181, పిల్లల మీద అఘాయిత్యమైతే 1098, ప్రాణాపాయమైతే 112. ఇలాంటి సంగతులు సంఘం పరువు కోసం లోపలే సర్దేయకూడదు. తప్పు చేసింది సంఘ పెద్ద అయినా సరే.

12. పాస్టరు గారి ఇల్లు

అందరిళ్ళకూ వెళ్ళే మనిషి ఇంటికి ఎవరూ వెళ్ళరు. అమ్మగారికి ఒంట్లో బాగోలేకపోయినా ఆదివారం హార్మోనియం దగ్గర కూర్చోవాలి, పిల్లలు ఇంకెవరి పిల్లల కంటేనైనా బుద్ధిమంతులుగా ఉండాలి. వాళ్ళ ఇంటిని కూడా ఒక గుంపులో వేయండి, మనవులు తీసుకెళ్ళకుండా ఊరికే వెళ్ళండి. ఏడాదికి ఒక ఆదివారం వేరే బోధకుణ్ణి పిలిచి, ఆ కుటుంబాన్ని ఊరు పంపండి. ప్రసంగం గురించి చెప్పాలనుకుంటే "బాగుందండి" అని ఊరుకోకుండా ఏ మాట మీకు ఎక్కడ ఉపయోగపడిందో చెప్పండి.

13. మోసేవాళ్ళు అలిసిపోయినప్పుడు

ఏ సంఘంలోనైనా ఈ పనంతా చివరికి ముగ్గురు నలుగురు ఆడవాళ్ళ మీద పడుతుంది. ఒకరి భారాలు ఒకరు భరించమన్న గలతీ పత్రిక 6వ అధ్యాయమే, మూడు వచనాల తర్వాత, ఎవరి బరువు వాళ్ళు మోసుకోవాలని కూడా అంటుంది. ఒక ఇంటి కష్టమంతా ఒక్క మనిషి నెత్తిన వేసుకోకూడదు. నెల నెలా బాధ్యత మార్చడం అందుకే. మగవాళ్ళను పెద్దరికానికి కాకుండా పనికి పిలవండి: ఆటో నడపడం, కాగితాలు, ఆస్పత్రిలో రాత్రి పడుకోవడం.

గుంపులను మళ్ళీ కలిపి పంచడానికి సంక్రాంతి వారం అనువైనది. వలస వెళ్ళినవాళ్ళు ఊళ్ళో ఉంటారు, ఏ ఇల్లు ఎలా ఉందో వాళ్ళూ చూస్తారు. కనుమ మర్నాడు సాయంత్రం గుడిలో కూర్చుని పాత నోటు పుస్తకం ముందు పెట్టుకోండి. తీరిన కష్టాలు కొట్టేసి, తీరనివి కొత్త పుస్తకం మొదటి పేజీలోకి ఎక్కించి, వాటి ఎదురుగా ఎవరు వెళ్తారో, ఏ తేదీన వెళ్తారో రాసుకుని లేవండి.